శత్రువులు చెక్కిన చరిత్ర

ఇశ్రాయేలు అనే పేరు చరిత్రలో మొట్టమొదట వినబడింది ఒక చావు కబురులో!

ఈజిప్టులో లక్సర్ నగరానికి ఎదురుగా, నైలు నది పడమటి గట్టున, 1896లో ఫ్లిండర్స్ పెట్రీ అనే పురావస్తు శాస్త్రవేత్త మూడు మీటర్లకు పైగా ఎత్తున్న రాతి పలకను బయటికి తీయించాడు. మెర్నెప్తా అనే ఫరో సుమారు క్రీ.పూ. 1208లో చెక్కించుకున్న విజయశాసనం అది. 28 పంక్తుల్లో దాదాపు అన్నీ లిబియావాళ్లను తరిమికొట్టిన ముచ్చట్లే. చివర్లో కొసరుగా, కనాను దేశంలో అణిచేసినవాళ్ల పేర్లు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి ఇశ్రాయేలు. విత్తనం కూడా మిగల్లేదని రాయించాడు ఫరో.

అక్కడ ఇంకో చిన్న విశేషం ఉంది. ఈజిప్టు చిత్రలిపిలో పేరు పక్కన, అది ఊరో మనిషో చెప్పే గుర్తు ఒకటి వేస్తారు. అష్కెలోను, గెజెరు పేర్ల పక్కన పరదేశమని తెలిపే గుర్తు ఉంది. ఇశ్రాయేలు పక్కన మాత్రం ఒక మగమనిషి, ఒక ఆడమనిషి కూర్చున్న బొమ్మలున్నాయి. నేల కాదు, జనం అని. లేఖరి చెయ్యి జారిందన్నవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం అతను తెలిసే రాశాడనిపిస్తుంది. కొండల్లో మేకలు కాచుకుంటూ, ఇంకా రాజంటూ లేనివాళ్లకు వేరే ఏ గుర్తు వేస్తాడు?

దావీదు, సొలొమోను, హిజ్కియా, నెబుకద్నెజరు... ఈ పేర్లు మనకు కొత్త కాదు. బైబిలు తెరవనివాళ్ల చెవుల్లో కూడా ఊరి చర్చి మైకు వాటిని ఎప్పుడో వేసేసింది. ఆ కథలను కాసేపు పక్కనపెట్టి నేలలోంచి వచ్చిన రాళ్లనే సాక్ష్యం అడిగితే తమాషా సంగతి ఒకటి బయటపడుతుంది. యూదుల ప్రాచీన రాజ్యం ఉన్నదని గట్టిగా చెప్పినవాళ్లలో ఎక్కువమంది, దాన్ని తుడిచిపెట్టేశామని చెప్పుకున్నవాళ్లే.

మళ్లీ మళ్లీ అదే ప్రగల్భం

జోర్డాన్‌లోని ధీబాన్‌లో 1868లో దొరికిన నల్లరాయి మోయాబు రాజు మేషాది. ఇశ్రాయేలు రాజు ఒమ్రీ తన దేశాన్ని అణగదొక్కాడనీ, తాను తిరగబడి గెలిచాననీ, ఇశ్రాయేలు ఇక శాశ్వతంగా నాశనమైనట్లేననీ అందులో రాయించాడు. ఆ రాయి కోసం ఐరోపావాళ్లు పోటీలు పడుతుంటే, అక్కడి బెదూయిన్లు దాన్ని నిప్పుల్లో కాల్చి, నీళ్లు పోసి పగలగొట్టారు. అప్పటికే కాగితం మీద ఒత్తి తీసిన అచ్చు ఒకటి ఉండబట్టి సరిపోయింది. అతుకులతో అదిప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

1993లో తెల్ దాన్ తవ్వకాల్లో మరో రాతిముక్క దొరికింది. భాష అరామిక్, కాలం క్రీ.పూ. 9వ శతాబ్దం. ఇశ్రాయేలు రాజునూ, ‘దావీదు ఇంటి’ రాజునూ చంపానని ఒక అరాము రాజు (దమస్కు హజాయేలే అయి ఉంటాడు) గొప్పలు చెప్పుకున్నాడు. బైబిలుకు వెలుపల దావీదు పేరును ఇంత స్పష్టంగా చూడటం అదే మొదలు. దావీదు ఉత్త కల్పన అంటూ వచ్చిన పండితులకు ఆ ముక్కతో చిక్కొచ్చిపడింది. సొలొమోను వైభవం మాత్రం ఇంకా తగువులోనే ఉంది. క్రీ.పూ. 10వ శతాబ్దంలో అక్కడున్నది మహారాజ్యమా, కొండమీది చిన్న సంస్థానమా అని ఇజ్రాయెల్ ఫింకెల్‌స్టైన్, అమిహై మజార్ వంటి పురావస్తు పండితులు ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు.

సొలొమోను ఓడలు తెచ్చిన సరుకుల్లో నెమళ్లున్నాయంటుంది బైబిలు. హెబ్రూలో అక్కడున్న మాట ‘తుక్కియీం’. నెమలి పింఛానికి తమిళులు అనే ‘తోగై’ నుంచే అది వెళ్లిందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. తోగై మన ‘తోక’కు తోబుట్టువు. ఆ లెక్కన మన మాట చుట్టం ఒకటి యెరూషలేము దాకా వెళ్లొచ్చినట్టే!

సొలొమోను తర్వాత రాజ్యాలు రెండు. ఉత్తరాన సమరియ రాజధానిగా ఇశ్రాయేలు, దక్షిణాన యెరూషలేము రాజధానిగా యూదా. సారవంతమైన పొలాలు, ఒలీవ నూనె, వ్యాపార దారులు అన్నీ ఉత్తరానివే. దక్షిణానిది రాళ్లు రప్పల బతుకు. కళ్లు కుట్టేంత సిరి ఉన్నదే ముందు కూలింది. క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు సామ్రాజ్యం సమరియను పట్టుకుంది. 27 వేల పైచిలుకు మందిని తరలించినట్టు సర్గోను చక్రవర్తి లెక్క రాయించాడు. ఒక దేశపు జనాన్ని పెరికి వేరే దేశంలో నాటడం అష్షూరు పద్ధతి. తిరుగుబాటు చెయ్యడానికి సొంత నేల ఉండాలి కదా!

అలా చెదిరినవాళ్లే తరువాతి కథల్లో ‘తప్పిపోయిన పది గోత్రాలు’ అయ్యారు. వాళ్ల కోసం లోకమంతా గాలింపు సాగింది. ఆ గాలింపు గుంటూరు జిల్లా దాకా వచ్చింది. చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలవాళ్లు తాము ఆ పదింటిలోని ఎఫ్రాయీము గోత్రంవాళ్లమని చెబుతారు. తమను ‘బెనె ఎఫ్రాయిం’ అని పిలుచుకుంటారు, సినగాగ్ కట్టుకుని శనివారం విశ్రాంతిదినం పాటిస్తారు. 2,700 ఏళ్ల ఆ వంశవృక్షానికి శాసనాధారం లేదు. కానీ పెరికి పారేయబడినవాళ్ల కథలో తమ కథను చూసుకోవడం నవ్విపోయేంత వింత కాదు.

రాజు పేరు లేని రాయి

మిగిలింది చిన్న యూదా. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు దానిమీద పడ్డాడు. 46 కోట పట్టణాలు పట్టానని, హిజ్కియాను యెరూషలేములో పంజరంలో పిట్టలా బంధించానని రాయించాడు. అయితే పంజరం తలుపు తెరిచానని మాత్రం ఎక్కడా రాయలేదు. కప్పం లెక్క ఇంకా తమాషా. బంగారం 30 తలాంతులని బైబిలూ అంటుంది, సన్హెరీబూ అంటాడు. వెండి దగ్గరికొచ్చేసరికి ఇచ్చినవాళ్ల లెక్క 300, పుచ్చుకున్నవాడి లెక్క 800!

యెరూషలేము దక్కలేదు కాబట్టి సన్హెరీబు తన నీనెవె కోటలో లాకీషు పట్టణం పతనాన్ని చెక్కించుకున్నాడు. ఆ పలకలు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ముట్టడి యంత్రాలు, కొరత వేసిన మనుషులు ఉన్నారు. వాటికన్నా కళ్లను పట్టి నిలిపేది ఎద్దుబండి. బండిమీద మూటలు, మూటలమీద ఆడవాళ్లు, పిల్లలు. ముందు నడుస్తున్న మగవాళ్లు.

అదే కాలపు యెరూషలేములో ఇంకో పని జరిగింది. ఊరి నీళ్లన్నీ గీహోను ఊటవి, ఆ ఊట కోటగోడ అవతల. ముట్టడి పడితే దాహంతో చావాలి. అందుకని ఊట నుంచి సిలోయం కోనేటికి కొండ లోపల 533 మీటర్ల సొరంగం తొలిచారు. తవ్వించింది హిజ్కియా అని చాలామంది నమ్మకం. రెండు జట్లు చెరో కొసనుంచి, దీపాల వెలుగులో, మెలికలు తిరుగుతూ తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకున్నాయి. ఈ కొసకూ ఆ కొసకూ నేల వాలు ముప్పై సెంటీమీటర్లు. ఇవాళ్టి ఇంజినీర్లకు కూడా ఇదో పజిల్.

1880లో అక్కడ నీళ్లలో ఆడుకుంటున్న కుర్రవాడి కంట గోడమీది ఆరు పంక్తుల రాత పడింది. ఇంకా మూడు మూరలు మిగిలుండగా అవతలి జట్టు పిలుపు వినబడిందట. పలుగుకు ఎదురు పలుగు వేశారట. నీళ్లు 1,200 మూరలు పారాయట. నెత్తిమీద 100 మూరల కొండ ఉందట. అంతే. అందులో రాజు పేరు లేదు, దేవుడి పేరు కూడా లేదు. ఈ కథలో ఎవరినీ చంపామని చెప్పని రాయి నాకు కనబడింది ఇదొక్కటే. ఒట్టోమన్ల ఏలుబడి కాబట్టి అది ఇస్తాంబుల్ చేరింది.

రేషను చిట్టాలో ఒక రాజు

అష్షూరు సగంలో వదిలిన పనిని క్రీ.పూ. 586లో బబులోను పూర్తిచేసింది. నెబుకద్నెజరు సైన్యం యెరూషలేములోని యూదుల ఆలయాన్ని తగలబెట్టింది. అంతకు పదకొండేళ్ల ముందే చెరపట్టుకుపోయిన యెహోయాకీను రాజు బబులోను కోట చిట్టాల్లో కనబడతాడు. అతనికీ అతని అయిదుగురు కొడుకులకూ కొలిచిచ్చిన నూనె లెక్కలవి. దేశం పోయినా ఆ మట్టిపలకలు అతన్ని ‘యూదా దేశపు రాజు’ అనే రాశాయి. గుమాస్తాలు బిరుదులు అంత తేలిగ్గా కొట్టెయ్యరు.

పర్షియా రాజు కోరెషు క్రీ.పూ. 539లో బబులోను గెలిచాక యూదులకు తిరుగుదారి దొరికింది. క్రీ.పూ. 515 నాటికి రెండో ఆలయం లేచింది. పర్షియన్ల ఏలుబడిలో యూదా రాష్ట్రం పేరు ‘యెహూద్’. యూదులు అనే మాట ఈ యూదా నుంచి వచ్చిందే. వెళ్లగలిగినా వెళ్లనివాళ్లు బబులోనులో చాలామందే ఉండిపోయారు. వెయ్యేళ్ల తర్వాత యూదులకు తలమానికమైన తల్మూదు గ్రంథం తయారైంది అక్కడే.

తర్వాత గ్రీకులు. క్రీ.పూ. 167లో వాళ్లమీద మక్కబీయులనే యూదుల తిరుగుబాటు, దాన్నించి పుట్టిన హస్మోనియ రాజ్యం. ఆ స్వతంత్రం గట్టిగా 80 ఏళ్లు. క్రీ.పూ. 63లో రోమన్ సేనాని పాంపీ వచ్చాడు. క్రీ.శ. 70లో మరో రోమన్ సేనాని టైటస్ రెండో ఆలయాన్నీ కూల్చాడు. రోమ్‌లో టైటస్ తోరణం మీద ఏడుకొమ్మల దీపస్తంభాన్ని మోసుకుపోతున్న సైనికుల బొమ్మ ఉంది. ఆలయంలోని ఆ దీపం ఎలా ఉండేదో చూపే బొమ్మల్లో అందరికీ తెలిసింది ఇప్పటికీ అది కొల్లగొట్టినవాళ్లు చెక్కిందే.

 

స్వతంత్రం కోసం యూదుల ఆఖరి ప్రయత్నం క్రీ.శ. 132లో. బార్ కోఖ్బా అని పేరుపడ్డ షిమోన్ నాయకుడు. రోమన్ నాణేల మీదే మళ్లీ తమ ముద్ర కొట్టుకున్నారు. కొన్ని ముద్రల్లో కూలిపోయిన ఆలయం బొమ్మ ఉంది. మూడున్నరేళ్లలో రోమన్ చక్రవర్తి హేడ్రియన్ అణిచేశాడు. యెరూషలేములో యూదులు అడుగుపెట్టకూడదన్నాడు. యూదయ అన్న పేరే కొట్టేసి ఆ రాష్ట్రాన్ని సిరియా పాలస్తీనా అన్నాడు.

1960-61లో పురావస్తు శాస్త్రవేత్త యిగేల్ యాదిన్ బృందం మృత సముద్రం దగ్గరి గుహలో ఆ షిమోన్ ఉత్తరాలను వెలికితీసింది. వాటిలో ఒకటి పర్ణశాలల పండుగ సరంజామా గురించి. రెండు గాడిదలను పంపుతున్నాను, ఖర్జూర మట్టలూ దబ్బపండ్లూ వాటిమీద వేయించి శిబిరానికి చేర్చు, గొంజి కొమ్మలూ నిరవంజి కొమ్మలూ నీ దగ్గరివాళ్ల చేత తెప్పించు అని తన మనిషికి పురమాయించాడు. వాటిలో దశమభాగం తీశారో లేదో చూసుకోమన్నాడు. సైన్యం పెద్దది కాబట్టి ఎక్కువే కావాలన్నాడు. క్షేమంగా ఉండమని ముగించాడు.