మల్టిపుల్ మైలోమా: రోగికి నమ్మదగిన సమాచారము, తోడు

క్రిందటి వేసవిలో ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు మా కళాశాల ప్రయోగశాలకు వచ్చెను. ఆయన చేతిసంచి నిండ తన తండ్రిగారి రక్తపరీక్షల కాగితములు ఉండెను. "నడుమునొప్పి అనుకొని ఆరు నెలలు తైలాలు రాశామండీ. ఇప్పుడేమో మల్టిపుల్ మైలోమా అన్నారు. చూడటానికి వచ్చినవాళ్లు తలా ఒక మాట చెబుతున్నారు. ఎవరి మాట నమ్మమంటారు?" అని అడిగెను.

నేను వైద్యుడను కాను. చికిత్స చెప్పుట నా పని కాదు. కాని ఒక మాటను నమ్మవచ్చునా లేదా అని పరీక్షించుట విజ్ఞానశాస్త్రము చదివిన ప్రతివాని పని. ఆ దృష్టితోనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

వ్యాధి స్వభావము

మన ఎముకల లోపలి మూలుగలో రక్తకణములు పుట్టుచుండును. అచటనే ప్లాస్మా కణములు కొద్ది సంఖ్యలో ఉండును. రోగక్రిములను ఎదిరించు ప్రతిరక్షకములు అను మాంసకృత్తులను తయారుచేయుట వీని పని. ఒక్కొక్క ప్లాస్మా కణము ఒకే రకపు ప్రతిరక్షకమును చేయును. ఆరోగ్యవంతునిలో అనేక రకముల కణములు ఉండుటచే అనేక రకముల ప్రతిరక్షకములు ఉండును. ఏదేని ఒక ప్లాస్మా కణము అదుపుతప్పి తనవంటి కణములనే పెంచుకొనుచు పోయినచో అవి మూలుగలో తక్కిన కణముల చోటును ఆక్రమించును. అవి చేయు ఒకే రకపు మాంసకృత్తు రక్తములో పేరుకొనును. ఇదియే మల్టిపుల్ మైలోమా. ఇది ఒక విధమైన క్యాన్సరు. అంటువ్యాధి కాదు.

దీనివలన ఎముకలు పెళుసెక్కి నొప్పిపుట్టును, ఒక్కొక్కప్పుడు విరుగును. ఎముకలలోని కాల్షియము రక్తములోనికి చేరును. రక్తహీనత కలుగును. మూత్రపిండములు దెబ్బతినును. రోగనిరోధకశక్తి తగ్గును. సాధారణముగా పెద్దవయసు వారికే వచ్చు వ్యాధి కావున, తొలిదశలో దీనిని ముసలితనపు నడుమునొప్పిగా పొరబడుట అరుదు కాదు.

ఈ వ్యాధిని చాలమందిలో పూర్తిగా నయము చేయలేకున్నను, మందులతో సంవత్సరముల తరబడి అదుపులో ఉంచవచ్చును. తిరిగి తలయెత్తినపుడు వేరొక మందు వాడుదురు. అనగా రోగికి, ఇంటివారికి సరియైన సమాచారము ఒక్క దినము కాదు, ఏండ్లపాటు కావలయును.

మొదటి ఆధారము: రోగి కాగితములే

1845లో లండనులో ఎముకల నొప్పితో బాధపడుచున్న ఒక వ్యాపారి మూత్రమును వైద్యులు హెన్రీ బెన్స్ జోన్స్ అను రసాయన వైద్యునికి పంపిరి. అందు ఒక వింత పదార్థము కనబడెను. కొంత వేడికి పేరుకొని, మరిగించినచో కరిగి, చల్లారగా మరల పేరుకొనునది ఆ పదార్థము. కోడిగ్రుడ్డు తెల్లసొన ఒకసారి గట్టిపడిన తరువాత మరుగునీటిలో కరగదు కదా! ఈ మాంసకృత్తు ప్రతిరక్షకములలోని చిన్న గొలుసులే అని 1962లో ఎడెల్‌మన్, గాలీ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. నేడు ఎలక్ట్రోఫోరెసిస్ అను పద్ధతిలో, విద్యుత్ ప్రభావముచే రక్తములోని మాంసకృత్తులను వేరుచేసి చూచెదరు. ఆరోగ్యవంతుని ప్రతిరక్షకములు రేఖాపటములో పల్లపు దిబ్బవలె కనబడును. మైలోమా రోగిలో అచట సన్నని గోపురము లేచును. ఆ గోపురపు ఎత్తు పెరుగుచున్నదా, తగ్గుచున్నదా అనునది వ్యాధి నడకను తెలుపును.

ఈ కారణమున నేను ఆ ఉపాధ్యాయునికి ముందుగా చెప్పినది ఒక నోటుపుస్తకము కొనుమని. తేదీ, ఆ మాంసకృత్తు కొలత, హీమోగ్లోబిన్, కాల్షియము, క్రియాటినిన్, వాడిన మందులు, వైద్యుని అడుగవలసిన ప్రశ్నలు, ఇవి అందు వరుసగా వ్రాయవలెను. ఒక్క పరీక్షలోని ఒక్క అంకెను చూచి బెదరుట గాని పొంగుట గాని తగదు. వరుసగా కొన్ని కొలతలు చూచిననే దారి తెలియును.

సంవత్సరము చూడక నమ్మరాదు

"ఈ జబ్బు వచ్చినవారు మూడేండ్లకు మించి ఉండరు" అని ఎవరో ఆయనతో చెప్పిరట. ఆ అంకె ఎప్పటిదని అడుగవలెను. 1990కి ముందు వైద్యుల చేతిలో ఉన్న మందులు కొద్ది. బోర్టిజోమిబ్ 2003లోను, డారాటుముమాబ్ 2015లోను అమెరికాలో అనుమతి పొందినవి. మనము చూచు నక్షత్రకాంతి ఎన్నడో బయలుదేరినది. అట్లే పది సంవత్సరముల జీవితమును లెక్కించి చెప్పిన అంకె, పది సంవత్సరములకు పూర్వము చికిత్స మొదలిడిన వారిని గురించినది.

మరియొక సంగతి. ఇట్టి అంకెలు సాధారణముగా మధ్యగతములు. 21 మంది విద్యార్థులను ఎత్తు వరుసలో నిలిపినచో 11వ వాని ఎత్తు మధ్యగతము. అతని కంటె పదిమంది పొడవు. వారెంత పొడవో మధ్యగతము చెప్పదు. కాతీ జియుస్టి అను అమెరికా మహిళకు 1996లో, 37వ ఏట ఈ వ్యాధి కనబడినపుడు మూడేండ్లు మాత్రమే అని చెప్పిరి. ఆమె 1998లో మైలోమా పరిశోధనకై ఒక సంస్థను స్థాపించి, 2024లో తన అనుభవములను గ్రంథముగా ప్రచురించెను. అందరికిని అట్లే జరుగునని దీని అర్థము కాదు. ఒక అంకె ఒక మనిషి ఆయువును నిర్ణయింపజాలదని మాత్రమే అర్థము.

మంచి మాటయే కీడు చేయవచ్చును

ఆకుపచ్చ తేనీరు క్యాన్సరుకు మంచిదని ఇరుగుపొరుగు వారు చెప్పుచుందురు. అందలి ఒక పదార్థము బోర్టిజోమిబ్ మందుతో కలిసి దాని పనిని అడ్డుకొనుచున్నదని 2009లో ప్రయోగశాలలోను, ఎలుకలలోను గమనించిరి. నడుమునొప్పికి దుకాణములో దొరకు ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు, కొన్ని పసరులు, భస్మములు అప్పటికే బలహీనమైన మూత్రపిండములకు చేటు తేవచ్చును. కావున ఏ మాత్రయైనను, ఏ మూలికయైనను చికిత్స చేయు వైద్యునికి చెప్పకుండ వాడరాదు.

అట్లని ఇంటివారు వెదకుట వ్యర్థమని తలపరాదు. థాలిడోమైడ్ కథ వినుడు. నిద్రమందుగా అమ్మబడిన ఈ మందు వేలాది శిశువులు అవయవలోపముతో పుట్టుటకు కారణమై 1961లో జర్మనీలో నిలిపివేయబడెను. 1997లో మైలోమాతో బాధపడుచున్న ఒక యువవైద్యుని భార్య శాస్త్రజ్ఞులను ఒక్కొక్కరినే అడుగుచు పోయి జూడా ఫోక్‌మన్‌ను కలిసికొనెను. ఆయన ఈ మందును సూచించగా బార్లోగీ అను వైద్యుడు వాడి చూచెను. ఆమె భర్త దక్కలేదు. కాని మరియొక రోగికి గుణము కనబడెను. అంతటితో తృప్తిపడక, ఇతర చికిత్సలకు లొంగని 84 మందికి ఇచ్చి, గుణము కనబడినవారిని, కనబడనివారిని కూడ లెక్కించిరి. సుమారు మూడవ వంతు మందిలో వ్యాధి మాంసకృత్తు తగ్గెను. 1999లో ఈ ఫలితమును ప్రచురించిరి. దీని వంశమునకే చెందిన లెనాలిడోమైడ్ నేడు హైదరాబాదు ఔషధ సంస్థలలో కూడ తయారగుచున్నది. గర్భిణులు ఈ మందులను ముట్టరాదు. ఇంటిలో వేరుగా దాచవలెను.

"మా బంధువు ఒకరికి తగ్గింది" అను మాటకును, "84 మందిలో ఇందరికి తగ్గినది" అను మాటకును గల భేదము మన విద్యార్థులకు తెలియవలెను. ఎవరు చెప్పిరి? ఎప్పుడు? ఎంతమందిలో చూచిరి? గుణము కలుగనివారిని కూడ లెక్కించిరా? చెప్పినవారు దానిని అమ్ముకొనుచున్నారా? ఈ అయిదు ప్రశ్నలు చాలవరకు దారి చూపును.

తోడు దొరకు చోట్లు

అంతర్జాతీయ మైలోమా సంస్థ 1990లో అమెరికాలో ఏర్పడెను. స్థాపకులలో ఒకరైన బ్రయన్ నోవిస్ స్వయముగా ఈ రోగి. రోగులకు, ఇంటివారికి సులభమైన భాషలో పుస్తికలు అందించుట ఈ సంస్థ పనులలో ఒకటి. మనదేశములో 2012లో ఏర్పడిన జాతీయ క్యాన్సర్ గ్రిడ్ అనేక ఆసుపత్రులను ఒక త్రాటిపైకి తెచ్చినది. హైదరాబాదులో నిమ్స్, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్టణములో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి తెలుగువారికి దగ్గరివి. ప్రభుత్వ ఆరోగ్య పథకము క్రింద ఏ చికిత్సకు ఎంత సహాయము కలదో ఆసుపత్రిలోని పథకపు బల్ల వద్ద మొదటిదినముననే అడుగుట మేలు. అప్పుచేసిన తరువాత అడుగుట ఆలస్యము.

నొప్పి తగ్గించు వైద్యమును చివరిదినములకు మాత్రమే అనుకొనుట పొరపాటు. దానిని మొదటినుండియు కోరవచ్చును. సేవచేయువారికి కూడ విశ్రాంతి కావలెను. ఇద్దరు ముగ్గురు బంధువులు వంతులు వేసికొనినచో ఒక్కరే క్రుంగిపోరు. అదే వ్యాధితో కొంతకాలము గడిపినవారితో మాట్లాడుటయు గొప్ప ఊరట. కాని వారినుండి ధైర్యమును తీసికొనవలెను గాని, వారి మందుచీటిని కాదు.

రెండు నెలల తరువాత ఆ ఉపాధ్యాయుడు మరల వచ్చెను. నోటుపుస్తకములో తేదీల వరుస ఉండెను. మాంసకృత్తు కొలత సగమునకు దిగెను. హీమోగ్లోబిన్ ఇంకను తక్కువగానే ఉండెను. పుట చివర తండ్రిగారి వణకు చేతివ్రాతలో ఒక ప్రశ్న కనబడెను: "మళ్లీ ఎప్పటి నుంచి పొలం గట్టు మీదికి నడవవచ్చు?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలవాడు ఆయన వైద్యుడే. దానిని వచ్చే పరీక్ష దినమున మొదటి ప్రశ్నగా అడుగుమని చెప్పి పంపితిని.