వంకాయ నుంచి ఉక్కు దాకా

వంకాయ ముక్కల్ని కోసీ కోయగానే ఉప్పునీళ్ళలో వేస్తాం కదా, ఎందుకు? కత్తిపీట మీద కణాలు తెగగానే లోపలి ఫినాల్ పదార్థాలకు గాలిలోని ఆక్సిజన్ తగులుతుంది. ఆ రెంటినీ కలిపే ఎంజైము కూడా వంకాయలోనే ఉంది. ముక్క నల్లబడేది దానివల్లే. ఇలా ఆక్సిజన్‌తో కలవడమే ఆక్సీకరణం. నీళ్ళు గాలిని అడ్డుకుంటాయి, ఉప్పు ఎంజైమును నెమ్మదింపజేస్తుంది.

ఇనుము తుప్పు పట్టడమూ ఆక్సీకరణమే. బైలదీలా కొండల నుంచి అరకు లోయ మీదుగా విశాఖకు గూడ్సు బండ్లలో వచ్చే ఇనుప ఖనిజం ఒకరకంగా పాతకాలపు తుప్పే! ఆదిమ సముద్రాల్లో ఇనుము కరిగి ఉండేది. సూక్ష్మజీవులు వదిలిన ఆక్సిజన్‌తో కలిసి అది ఆక్సైడ్‌గా మారి అడుగున పొరలు పొరలుగా పేరుకుంది. ఇది 200 కోట్ల ఏళ్ళకు పైబడిన మాట. ఆ ఆక్సిజన్‌ను ఊడదీయడానికే బ్లాస్ట్ ఫర్నేసులో కోక్ వేసి అంత మంట పెట్టేది. ఇలా ఆక్సిజన్‌ను తొలగించడం క్షయకరణం, ఆక్సీకరణానికి తిరుగుదారి. తీరా ఉక్కు తయారయ్యాక సముద్రపు గాలి ఊరుకుంటుందా? తేమ, ఉప్పు తోడైతే మళ్ళీ తుప్పే.

తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. స్లాబులో ఊచ తుప్పుపడితే పెచ్చులూడేది అందుకే.

ఆక్సీకరణానికి ఆక్సిజనే ఉండాలనీ లేదు. ఎలక్ట్రాన్లు కోల్పోతే చాలు. సోడియం క్లోరిన్‌లో మండి ఉప్పవుతుంది. అక్కడ ఆక్సిజన్ ఊసే లేదు.

మళ్ళీ తుప్పు దగ్గరికే వస్తే, ఢిల్లీ మెహ్రౌలీలోని ఇనుప స్తంభానికి సుమారు 1600 ఏళ్ళు. దానికి తుప్పే పట్టలేదంటారు గానీ, అది సగం నిజం. ఆ ఇనుములో ఫాస్ఫరస్ ఎక్కువ. అందువల్ల పైన పట్టిన పల్చని తుప్పుపొరే లోపలి ఇనుముకు కాపలా కాస్తోంది.

అల్యూమినియం సంగతి ఇంకా విచిత్రం. ఇనుము కన్నా చురుగ్గా ఆక్సిజన్‌తో కలుస్తుంది, అయినా గిన్నె చెడదు. కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొర సందు లేకుండా అతుక్కుపోతుంది. గీత పడినా వెంటనే మళ్ళీ కమ్ముకుంటుంది. అయితే చింతపండు పులుపు ఆ పొరను కరిగిస్తుంది. కాబట్టి మిగిలిన పులుసును అల్యూమినియం గిన్నెలో ఉంచకుండా స్టీలు గిన్నెలోకి మార్చేయండి.