చలికాలపు వేకువను డీజిల్ ఇంజనును కదిలించు విధము

నెల్లూరు తీరమున ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మొదలగు ప్రాంతముల రైతులకు డీజిల్ ఇంజను నేడు ఎడ్లజతవలె నిత్యావసరమైనది. రొయ్యల చెరువులకడ కరెంటు పోయినపుడు జనరేటరును, కాలువనీరు ఎక్కని మడులకు ఆయిల్ ఇంజనును, పంటను పట్టణమునకు చేర్చు లారీయును దానివలననే నడచును. మార్గశిర పుష్య మాసముల వేకువజామున ఇంజను మొండికెత్తుట పెక్కుచోట్ల కనబడుచున్నది. దానికి కారణమును, నివారణమును ఇందు వివరింపబడుచున్నవి.

ఈ ఆలస్యమువలన కలుగు నష్టము అల్పము కాదు. చెరువునందలి నాచును, రొయ్యలును, అడుగుబురదలోని సూక్ష్మజీవులును రాత్రియంతయు నీటిలోని ప్రాణవాయువును వాడుకొనును. ఎండ లేనందున నాచు దానిని తిరిగి పుట్టింపజాలదు. అందుచేత సూర్యోదయమునకు ముందు ప్రాణవాయువు మిక్కిలి తగ్గియుండును. లీటరు నీటికి 4 మిల్లీగ్రాములకు తగ్గకుండ చూచుకొనుట మేలు. 3 కంటె తగ్గినచో రొయ్యలు మేత మాని నీటిపైకి తేలుట కలదు. ఈ తీరమున అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనపు వానలును తుపానులును వచ్చును. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను ఈ తీరమును ఒరసికొనిపోయి బాపట్ల సమీపమున తీరము దాటినది. అట్టి దినములలో మబ్బు ముసిరి ప్రాణవాయువు తగ్గును; కరెంటు స్తంభములును అప్పుడే కూలును. ఆ వేళ జనరేటరు లేవనిచో నాలుగు నెలల కష్టము ఒక తెల్లవారుజామున పోవచ్చును.

పెట్రోలు ఇంజనునందు నూనెను అంటించుటకు విద్యుత్తు రవ్వ కలదు. డీజిల్ ఇంజనునందు అది లేదు. 1897లో జర్మనీ దేశమున రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన ఈ యంత్రము గాలిని సుమారు 16 మొదలు 20 వంతుల వరకు నొక్కి, ఆ వత్తిడిచేతనే 500 డిగ్రీల సెంటీగ్రేడుకు మించిన వేడిని పుట్టించును. ఆ వేడిగాలిలోనికి డీజిలును సన్నని తుంపరగా చిమ్మినంతనే అది తనంతట మండును. కావున ఇంజను లేచుటకు మూడు కావలెను: వేగముగా తిరుగుట, గాలి కారకుండ నొక్కబడుట, నీరును గాలియును కలియని డీజిలు. ఈ మూటిలో ఏది లోపించినను ఇంజను లేవదు.

మన చలి ఎంతటిది అని రైతు ప్రశ్నింపవచ్చును. నెల్లూరున జనవరి వేకువను సాధారణముగా 20 డిగ్రీల ప్రాంతము ఉండును. ఆ చలికి డీజిలు గడ్డకట్టదు. లడఖు వంటి ప్రదేశములలో డీజిలునందలి మైనము గట్టిపడి వడపోతను మూసివేయును. అందుకే 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ సున్నకు దిగువ 33 డిగ్రీల వరకు గడ్డకట్టని ప్రత్యేకపు డీజిలును అక్కడ ప్రవేశపెట్టినది. సరుకు వేసికొని శీతకాలమున ఉత్తరాదికి పోవు లారీవారు మన తీరపు డీజిలుతో కొండలెక్కక, అచ్చటి బంకులలో చలికాలపు డీజిలును నింపించుకొనవలెను. మన తీరమున ఇంజను లేవకున్నచో నింద చలిది కాదు. అరిగిన రింగులు, నీరసించిన బ్యాటరీ, తడి చేరిన డీజిలు అను దోషములు ముందే యుండగా, చలి వానిని బయటపెట్టును. ఉక్క వేళ ఎట్లో లేచుచుండిన ఇంజను ఆ కొద్దిపాటి చలికే నిలిచిపోవును.

ముందటి రాత్రి చేయవలసిన పనులు:

1. టాంకును నిండుగా ఉంచవలెను. సగము ఖాళీయైన టాంకులోని తేమగాలి రాత్రి చల్లబడి నీటిబొట్లుగా మారి డీజిలు అడుగున చేరును. వడపోత క్రిందనున్న మరను వదులుచేసి ఆ నీటిని వారమునకొకసారి తీసివేయవలెను.

2. ఉప్పుగాలికి బ్యాటరీ కొనలపై తెల్లని పొడి పేరుకొనును. వేడినీటితో కడిగి, ఆరబెట్టి, గ్రీజు పూయవలెను. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉన్నపుడు 12.6 చూపును; 12.2 చూపినచో సగమే యున్నదని గ్రహింపవలెను.

3. జనరేటరును అవసరము లేకున్నను వారమునకొకసారి పది పదిహేను నిమిషములు నడిపి చూడవలెను.

వేకువను చేయవలసిన పనులు:

1. లైట్లు మొదలగు ఇతర బరువులను ఆపివేయవలెను. వేడిమి దీపము గల బండ్లలో తాళమును త్రిప్పి, ఆ దీపము ఆరువరకు వేచియుండవలెను.

2. స్టార్టరును ఒక్కసారికి 10 సెకండ్లకు మించి త్రిప్పరాదు. నడుమ ఒక నిమిషము విరామమీయవలెను. మూడుసార్లకు లేవనిచో ఆపి కారణము వెదకవలెను. లేనిచో బ్యాటరీయు స్టార్టరును రెండును చెడును.

3. పొగగొట్టమును చూడవలెను. తెల్లని పొగ వచ్చినచో డీజిలు చేరుచున్నది గాని మండుట లేదు. వేడి చాలదని గాని, నొక్కుడు తక్కువయని గాని అర్థము. పొగయే రానిచో డీజిలు చేరుట లేదు. అపుడు చేతిపంపును కొట్టి, గాలిమరను వదులుచేసి, బుడగలు లేని ధార వచ్చువరకు గాలిని తీసివేయవలెను.

4. చేతితో త్రిప్పు ఆయిల్ ఇంజనునకు డీకంప్రెషన్ మీటను ఎత్తియుంచి, చక్రము వేగమందుకొనిన పిమ్మట వదలవలెను. హాండిలును పట్టునపుడు బొటనవేలిని తక్కిన వ్రేళ్ళ ప్రక్కనే ఉంచవలెను. ఇంజను వెనుకకు తన్నినచో చుట్టిపట్టిన బొటనవ్రేలు విరుగును.

చేయరాని పనులు కొన్ని గలవు. టాంకు క్రింద గుడ్డలు మండించి కాచుట ప్రాణాపాయము. వేడిమి దీపము గల ఇంజనులోనికి ఈథరును గాని పెట్రోలును గాని చిమ్మినచో అది లోపలనే ప్రేలును. మూసియున్న షెడ్డులో ఇంజనును నడిపినచో పొగలోని విషవాయువు వాసన లేకయే మనుష్యుని చంపును. పొగగొట్టమును బయటికి పెట్టి, తలుపులు తెరచియుంచవలెను. చేంజోవరు స్విచ్చి లేకుండ జనరేటరును ఇంటితీగలకు కలుపరాదు. ఆ కరెంటు ఎదురుపారి, స్తంభముపై పనిచేయు లైన్‌మన్‌ను కొట్టును.

ఇంజను లేచిన పిదప నూనె వత్తిడి దీపము కొన్ని సెకండ్లలో ఆరవలెను. ఆరనిచో వెంటనే ఆపవలెను. రెండు మూడు నిమిషములు నిదానముగా తిరుగనిచ్చి, పిమ్మటనే బరువు పెట్టవలెను. చెరువుకడ ఏరేటర్లన్నిటిని ఒక్కసారిగా కలుపక, ఒకదాని వెనుక ఒకదానిని నడపవలెను.

ఈ పనులకు వేలకొలది ఖర్చు లేదు. సాయంత్రము అరగంట శ్రద్ధయే చాలును. కరెంటు పోయిన రాత్రి మెకానికు దొరకడు, తెల్లవారువరకు రొయ్య ఆగదు. కావున రైతులు కార్తీకమాసము ముగియకముందే తమ ఇంజనులను ఒకసారి పరీక్షింపజేసికొనుట శ్రేయస్కరము.