బ్యాటరీ ముసలిదైందని ఎలా కనిపెడతారు?

సూళ్లూరుపేట నుంచి పులికాట్ నీళ్ల మధ్యగా సాగే రోడ్డు శ్రీహరికోటకు చేరుస్తుంది. అక్కడి నుంచి ఈ రోజుల్లో పైకి వెళ్లే ఉపగ్రహాల్లో ఎక్కువ వాటికి లిథియం అయాన్ బ్యాటరీలే ఆధారం. పైకి వెళ్లాక మార్చే వీలుండదు కాబట్టి, అవి ఎన్నాళ్లు మన్నుతాయో నేల మీదే తేల్చుకోవాలి.

భూమికి ఐదారు వందల కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహం రోజుకు దాదాపు 15 చుట్లు కొడుతుంది. చాలా కక్ష్యల్లో ప్రతి చుట్టులోనూ అరగంటకు పైగా చీకటే. అంటే ఏడాదికి 5,000 సార్లకు పైగా చార్జింగ్ ఎక్కడం, దిగడం! రోజుకోసారి చార్జింగ్ పెట్టే మన ఫోనుకైతే ఆ లెక్క చేరడానికి దాదాపు 15 ఏళ్లు పడుతుంది. 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండే సమాచార ఉపగ్రహాలకు మాత్రం ఏడాదికి సుమారు 90 సార్లే నీడ, అదీ మహా అయితే 72 నిమిషాలు.

ఈ రెండో దానికి ముసలితనం రాదనుకోకండి. వాడకపోయినా బ్యాటరీ ముదురుతుంది. గ్రాఫైట్ మీద పేరుకునే సన్నని పొర దానికి రక్షణే, కానీ అది మందమయ్యే కొద్దీ పనికొచ్చే లిథియాన్ని మింగేస్తుంది. వేడి, నిండు చార్జింగ్ తోడైతే ఇంకా వేగం. అందుకే ల్యాబుల్లో సెల్స్‌ను 45, 55 డిగ్రీల ఓవెన్లలో పెట్టి, ఏళ్ల వయసును నెలల్లో రప్పిస్తారు. వేడి మరీ పెంచితే మామూలుగా జరగని రసాయన చర్యలు మొదలై లెక్క తప్పుతుంది.

99.9 శాతం అంటే బ్రహ్మాండం అనిపిస్తుంది కదా? ఎక్కించిన చార్జిలో ప్రతిసారీ అంతే తిరిగొచ్చి, మిగతాది లిథియం నష్టంగానే పోతే, వెయ్యి సార్ల తర్వాత మిగిలేది 37 శాతమే. 99.99 అయితే 90 శాతం. దశాంశం తర్వాత ఆ ఒక్క అంకె కోసమే అతి సున్నితమైన కొలత యంత్రాలు పుట్టాయి.

సెల్ విప్పకుండానే నాడి చూసే పద్ధతులూ ఉన్నాయి. నిదానంగా చార్జి చేస్తూ, వోల్టేజి కాస్త పెరిగినప్పుడల్లా ఎంత చార్జి లోపలికి పోయిందో గీత గీస్తారు. అందులో శిఖరాలు కుంగాయా, పక్కకు జరిగాయా అన్నదాన్ని బట్టి పోయింది లిథియమా, ఎలక్ట్రోడ్ పదార్థమా అని పసిగట్టవచ్చు. ఇంకో పద్ధతిలో వేల హెర్ట్జ్ నుంచి హెర్ట్జ్‌లో వెయ్యో వంతు దాకా రకరకాల పౌనఃపున్యాల్లో చిన్న ఏసీ కరెంటు పంపి, నిరోధం ఎక్కడ పెరిగిందో చూస్తారు.

చివరిది పోస్ట్‌మార్టం. పూర్తిగా డిశ్చార్జి చేసిన సెల్‌ను ఆర్గాన్ నింపిన పెట్టెలో కోస్తారు. చవకైన నైట్రోజన్ ఎందుకు వద్దంటే, లిథియం దాన్ని కూడా వదలదు, గది ఉష్ణోగ్రతలోనే కలిసిపోతుంది!

2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయల్దేరిన మంగళయాన్‌ను ఆరు నెలల పనికి తయారుచేస్తే, అంగారకుడి చుట్టూ ఏడేళ్లకు పైగా తిరిగింది. 2022 ఏప్రిల్‌లో సుదీర్ఘ గ్రహణం తర్వాత సంబంధం తెగింది. ఇంధనం అయిపోయి ఉంటుందని ఇస్రో అంచనా. నేరమంతా బ్యాటరీ మీదికి తోయడం అన్యాయం.

కొన్నాళ్లు వాడని ఫోనును నిండా చార్జి చేసి బీరువాలో పెట్టకండి. సగం చార్జింగ్‌తో చల్లటి చోట ఉంచండి.