ముందు వైద్యమా, ముందు రూలా? అత్యవసర వార్డులో ఏ నిబంధన ఆగొచ్చు, ఏది ఆగకూడదు

ఇలా అనుకుందాం. రాత్రి ఒంటిగంట. జనగామ దగ్గర హైవేపై బైక్ ప్రమాదం. దారిన పోయేవాళ్లు గాయపడిన యువకుడిని ఆసుపత్రికి తెచ్చారు. ఆధార్ లేదు, వెంట బంధువులు లేరు, పోలీసులు రాలేదు. 'ముందు చీటీ, వివరాలు, ఆ తర్వాతే వైద్యం' అన్నది అక్కడి పద్ధతి. రక్తం కారుతూనే ఉంది. డ్యూటీలో ఉన్న నర్సు ఆ పద్ధతిని పక్కన పెట్టొచ్చా? పెడితే ఆమె ఉద్యోగం సంగతేంటి?

ఒకప్పుడు ఇక్కడ పెద్ద కేసంటే వరంగల్ ఎంజీఎంకే. 2022లో మహబూబాబాద్‌కు, 2023లో జనగామ, భూపాలపల్లిలకు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఇలాంటి నిర్ణయాలు ఇప్పుడు ఇక్కడి సిబ్బంది ముందుకూ వస్తాయి.

నీతిశాస్త్రం ఏమంటుంది?

ఫలితవాదం ప్రకారం, ఎక్కువ మేలు జరిగే పనే సరైనది. చీటీ పది నిమిషాలు ఆలస్యమైతే నష్టం లేదు, వైద్యం ఆలస్యమైతే ప్రాణమే పోవచ్చు. కర్తవ్యవాదం మరో ప్రశ్న వేస్తుంది: ప్రతి నర్సూ ఇలాగే చేస్తే మీరు ఒప్పుకుంటారా? సద్గుణ నీతి, మంచి నర్సు ఈ స్థితిలో ఏం చేస్తుందో చూడమంటుంది. మూడింటి జవాబూ ఒకటే: ముందు వైద్యం.

చట్టం ఏమంటుంది?

అదే మాట. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ప్రభుత్వ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ప్రాణం కాపాడటమే మొదటి బాధ్యత, పోలీసు లాంఛనాలు దానికి అడ్డు రాకూడదు. అంటే వైద్యం మొదలుపెట్టిన నర్సు అసలు రూల్‌ను మీరనే లేదు, అలవాటును మాత్రమే దాటింది.

మరి ఇది?

గంట తర్వాత బంధువులు వచ్చారు. 'తాగి నడిపాడు మేడం, పోలీసు కేసని రాయకండి, మెట్ల మీంచి పడ్డాడని రాయండి' అని బతిమాలారు. రాయకపోతే ఎవరికి నష్టం అనిపిస్తుంది. ఇక్కడ ఫలితవాదం తొందరపాటుగా వాడితే దారి తప్పిస్తుంది. అవతలి బండిపై ఉన్నవారికి కూడా దెబ్బలు తగిలి ఉండొచ్చు. రేపు బీమా పరిహారం అడిగితే ఆసుపత్రి రికార్డే ఆధారం. అందరూ ఇలాగే రాస్తే ఏ కేసు షీటునూ నమ్మలేం.

తేడా ఎక్కడుంది?

రూల్ ఎవరిని కాపాడటానికి ఉందో అడగండి. చీటీ ఆసుపత్రి సౌలభ్యం కోసం, తర్వాత రాసుకోవచ్చు. నిజమైన రికార్డు రోగినీ, ఇతరులనూ కాపాడేది, దాన్ని మార్చకూడదు. మరో గుర్తు: సరైన మినహాయింపును దాచాల్సిన పని ఉండదు. ఎందుకు ఆగలేదో, ఎన్ని గంటలకో కేసు షీట్‌లో రాసి, డ్యూటీ డాక్టర్‌కు చెబితే నర్సుకూ అదే రక్షణ.

మీరు ఏం చేయాలి?

• 108కి ఫోన్ చేయండి. గాయపడినవారిని తెచ్చినందుకు భయం వద్దు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ మిమ్మల్ని కాపాడుతుంది. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.
• కాగితాల పేరుతో వైద్యం ఆపితే డ్యూటీ మెడికల్ ఆఫీసర్‌ను, తర్వాత సూపరింటెండెంట్‌ను అడగండి.
• తప్పు రాయమని మాత్రం సిబ్బందిని ఒత్తిడి చేయకండి. ఆ రాత్రి మీకోసం రూల్‌ను పక్కన పెట్టిన మనిషే రేపు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.