గుండు: ఒక మాట, రెండు లోహములు

వేలూరులో మా తరగతియందు ఒకనాడు వివాహ వర్ణన గల పాఠము జరుగుచున్నది. పుస్తెలు, నల్లపూసలు, బంగారు గుండ్లు అని చదివి ముందునకు సాగబోవుచుండగా ఏడవ తరగతి బాలు డొకడు లేచి, "సార్, బంగారముతో కూడ తుపాకి గుండ్లు చేస్తారా?" అని అడిగినాడు. తరగతి యంతయు నవ్వినది. నాకు నవ్వు రాలేదు. ఆ బాలుని తాత గుడియాత్తములో కంసాలి. సమాధానము వాని యింటిలోనే యున్నది. వాని నోట మాత్రము లేదు.

తెలుగున గుండు అనునది మొదట ఒక ఆకారమునకు పేరు. గుండ్రాయి, గుండుసూది, గుండుసున్న, ఫిరంగి గుండు, మంగళసూత్రము నందలి గుండు, ఇవి యన్నియు గుండ్రదనము వలననే ఆ పేరు పొందినవి. తమిళమునను ఇంతే. తుపాకిలోనిదియు, తాలిలోనిదియు వారికిని గుండే. సంస్కృత గుళిక మనకు వైద్యుని మాత్రయైనది. హిందీ గోలీ మాత్రయు అగును, తూటాయు అగును. ఇంగ్లీషు బుల్లెట్టు సైతము చిన్న బంతి యను ఫ్రెంచి మాట నుండి వచ్చినదే. కనుక బాలుని ప్రశ్న తప్పు కాదు. వాడు ఇంటి యర్థమును విడిచి, చలనచిత్రములు నేర్పిన యర్థమును పట్టుకొన్నాడు, అంతియే.

ఆ ఆదివారము నేను గుడియాత్తము వెళ్లి వాని తాతగారి కుంపటి యెదుట కూర్చుంటిని. ఆయన సన్నని బంగారు తీగను కత్తెరతో సమానమైన తునకలుగా కత్తిరించి, బొగ్గు మీద చేసిన చిన్న గుంటలో ఒక్కొక్క తునకను పెట్టి, ఊదుగొట్టముతో మంటను దానిపైకి ఊదినారు. తునక ఎఱ్ఱనై, అంచులు కరగి, చూచుచుండగనే ముడుచుకొని పూసయైనది. అచ్చు లేదు, సుత్తి లేదు. ద్రవమునకు తన ఉపరితలమును సాధ్యమైనంత తగ్గించుకొను గుణమున్నది. శాస్త్రజ్ఞులు దీనిని తలతన్యత యందురు. చిన్న బొట్టు విషయమున బరువు కంటె ఈ గుణమే బలవత్తరము గనుక లోహము తానే గోళమగును. పెద్ద గుండ్ల కీ పద్ధతి పనికిరాదు. పలుచని రేకును గుంటలు గల దిమ్మెపై కొట్టి, రెండు అరగోళములు చేసి, టంకముతో అతుకుదురు. లోపల బోలు. పేదయింటి పెండ్లికూతురికి కూడ మెడనిండుగా కనుపించుట ఆ బోలుతనము చలవయే!

సీసపు రవ్వలను చేయుట కూడ ఈ సూత్రముమీదనే సాగినది. ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమున విలియం వాట్సు అనునతడు 1782లో ఒక పద్ధతికి హక్కుపత్రము పొందెను. ఎత్తైన గోపురము నుండి కరిగిన సీసమును జల్లెడ గుండా నీటిలోనికి విడిచిన, జారుచుండగనే బొట్లు గుండ్రనై గడ్డకట్టును. తుపాకి పెద్ద గుండ్లను మాత్రము రెండు చెక్కల అచ్చులో పోసెడివారు. 1806 జూలై 10న వేలూరు కోటలో తిరుగబడిన సిపాయిల కాలమున తూటా యనగా కాగితపు పొట్లములో మందుతో పాటు చుట్టిన సీసపు గుండే.

సీసమే యేల? అది 327 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే కరగును. కట్టెల మంట చాలును. వెండికి 962, బంగారమునకు 1064 డిగ్రీలు కావలెను. పైగా కరిగిన మేలిమి వెండి ప్రాణవాయువును పీల్చుకొని, గడ్డకట్టునపుడు దానిని వెలిగ్రక్కుటచే ఉపరితలము ఉబ్బి చిట్లును. సాంద్రతలోను వెండి (10.5) సీసమునకు (11.3) తీసికట్టే. బంగారము (19.3) బరువైనది నిజమే, కాని లెక్క చూడుడు. ఆనాటి కుంపిణీ తుపాకి గుండు వ్యాసము సుమారు 17.5 మిల్లీమీటర్లు. అంతటి గుండు సీసమున 32 గ్రాములు, వెండిన 29, బంగారమున 54 తూగును. బంగారు గుండు ఒక్కటే యిప్పటి లెక్కన ఆరు సవరనులు దాటినది. 1835 నాటి రూపాయి 11.66 గ్రాములు గనుక వెండి గుండునకు రెండున్నర రూపాయలు కరిగింపవలెను. ఆరితేరిన సైనికుడు నిమిషమునకు మూడుమారులు కాల్చగలడు. 1857లో బెంగాలు సిపాయి నెల జీతము 7 రూపాయలు. అనగా నెల జీతము ఒక్క నిమిషములో పొగయై పోవునన్నమాట!

అయినను వెండి గుండు కథలలో బ్రతికియున్నది. గ్రిమ్ము సోదరుల కథలో సీసమునకు లొంగని మంత్రగత్తెను వేటగాడు తన కోటు వెండి బొత్తాములతో కొట్టును. 1689లో స్కాట్లండునందు యుద్ధమున కూలిన క్లేవర్‌హౌసు వెండి బొత్తాముతోనే చచ్చెనని అక్కడి జనశ్రుతి. 1767లో ఫ్రాన్సు దేశమున జెవోదాను మృగమును చంపిన షాస్టెలు వెండి గుండు వాడెననుట మాత్రము తరువాతి రచయితలు చేర్చిన అలంకారము. మామూలు ఆయుధమునకు లొంగని భయమునకు అమూల్యమైనది ఖర్చు చేయవలెనను తలపే వీని కన్నిటికి మూలము. మన యిండ్లలో అదే తలపు మరొక దారి పట్టినది. ఆపద వచ్చినపుడు తల్లి తాళి నుండి రెండు గుండ్లు తీసి కుదువ బెట్టును.

ఇవి విని ఇంటిలో ప్రయత్నింప దలచు పిల్లలుందురని ఒక మాట చెప్పితిని. ఏ లోహముతో నైనను అనుమతిపత్రము లేక తూటా చేయుట 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము నేరము. సీసపు పొగ విషము.

ఈ రాష్ట్రమున 2006 నాటి చట్టముతో తమిళము మొదటి భాషగా తప్పనిసరియైన పిమ్మట, తెలుగు చదువువాడు ఇష్టపడి చదువవలసినదే. అట్టివానికి పుస్తకము కంటె కుంపటియే మేలని తోచి, తాతగారి పనిముట్ల పేర్లు వ్రాసికొని రమ్మని ఆ బాలునితో చెప్పితిని. మూస, పట్టకారు, వెలిగారము, కమ్మచ్చు, ఊదుగొట్టము మొదలుగా పదునాలుగు మాటలు తెచ్చినాడు. వానిలో మూడు నేనును ఎరుగనివి. వచ్చు ఆదివారము మరల గుడియాత్తము పోవలెను.