చిత్రములో శునకము, వీథిలో కుక్క

తెల్లవారుచున్నది. మాదాపూరులో అద్దాల మేడలలో రాత్రియంతయు పనిచేసిన యువకులు కన్నులు నులుముకొనుచు ఇండ్లకు మరలుచున్నారు. ఒక మేడ ద్వారము ప్రక్కన, కావలివాని కుర్చీ క్రింద, గోధుమవన్నె ఊరకుక్క యొకటి ముడుచుకొని పండుకొని యున్నది. దాని వెనుకనున్న అద్దపు గోడలో ఉదయాకాశము ప్రతిఫలించుచున్నది. పోవుచున్న యువకుడొకడు ఆగి, జేబులోని ఫోను తీసి, వంగి, దాని చిత్రమును తీసికొని సాగిపోయినాడు. కుక్క ఒక చెవి మాత్రము కదలించి మరల కన్ను మూసినది.

హైదరాబాదు పడమటి భాగమున నిట్టి దృశ్యము అపురూపము కాదు. 1998వ సంవత్సరము నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి రాళ్లగుట్టలు రాజమార్గములైనవి, పొదలున్న చోట మేడలు లేచినవి. ఎన్ని మారినను ఊరకుక్క మాత్రము తన తావు విడువలేదు. నేడు ప్రతివాని చేతిలోను కెమేరా యున్నది కనుక, ఈ ప్రాంతమున మిక్కిలి సులభముగా చిత్రమునకు దొరకు ప్రాణి అదియే. కాని మనుష్యుడు కుక్కను చిత్రించుట నిన్న మొన్నటి ముచ్చట కాదు. ఏ కాలమువారు దానిని ఎట్లు చిత్రించిరో చూచినచో, ఆ కాలమువారి మనస్సు కొంత తెలియును.

తెలుగు భాషయే ఈ విషయమున మంచి సాక్షి. వేటకు పోయినది జాగిలము. పూజాగృహమున పటములో నిలిచినది శునకము. హాస్యమునకు పిలిచినచో గ్రామసింహము. వీథిలో తిరుగునది వట్టి కుక్క. ప్రాణి యొక్కటియే, గౌరవములు వేరు. నన్నయగారి భారతము ఆదిపర్వమున సరమ యను దేవశునకము కథ కలదు. జనమేజయుని తమ్ములు ఏ తప్పును చేయని సరమ బిడ్డను కొట్టిరి. తల్లి వచ్చి రాజును నిలదీసి, కారణము లేకయే దుర్బలులను హింసించువారికి తెలియని భయము వచ్చిపడునని హెచ్చరించినది. ఆ భారతమే ముగియు వేళ ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గరథ మెక్కనని నిలిచినాడు. మొదటను చివరను కుక్కయే నిలిచి రాజుల ధర్మమును పరీక్షించుట గమనింపదగినది.

కావ్యములో మాటతో చేసిన పనిని దక్కనులో ఉలితో చేసినవారును కలరు. కర్ణాటకమున మండ్య జిల్లాలోని ఆతకూరులో క్రీ. శ. 949–50 ప్రాంతపు వీరశిల యొకటి లభించినది. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుని నాటి తక్కోలపు యుద్ధమును అది పేర్కొనుచున్నది. ఆ యుద్ధమున పరాక్రమించిన మణలేరుడను వీరుడు, ప్రభువు మెచ్చి ఏమి కావలయునని యడుగగా, ఊరిని గాని బంగారమును గాని కోరక ‘కాళి’ యను వేటకుక్కను కోరినాడు. తరువాత ఆ కాళి ఒక అడవిపందితో పోరాడగా రెండును మరణించినవి. కుక్క స్మృతికై శిలను నిలిపి, పూజకై భూమిని దానమిచ్చిరి. శిలపై కుక్కయు పందియు తలపడిన శిల్పమును నేటికిని బెంగుళూరులోని ప్రభుత్వ మ్యూజియమున చూడవచ్చును. వీరులకు నిలుపు శిలను కుక్కకును నిలిపిన ఆ కాలపు మనస్సు చిన్నది కాదు.

సామాన్యుల ఇండ్లలోనికి శునకచిత్రము వచ్చినది అచ్చుయంత్రము వలన. రవివర్మ ముద్రణాలయము 1894లో స్థాపితమైన పిమ్మట దేవతల రంగుపటములు గోడగోడకును చేరినవి. దత్తాత్రేయుని పటమున స్వామి పాదముల చెంత నాలుగు కుక్కలుండును. అవి నాలుగు వేదములని పెద్దలు చెప్పుదురు. వాకిటికి వచ్చిన కుక్కను కఱ్ఱతో తరిమి, లోనికి పోయి అదే రూపమునకు దీపము పెట్టుట మన గృహములలోని వింత. దానిని కపటమనుట తగదు. చిత్రము మనకు దూరమును కల్పించును. ఆ దూరము నుండి చూచినప్పుడు భయమును అసహ్యమును తగ్గి భావము మిగులును.

తెలుగువారు బాగుగా ఎరిగిన మరియొక కుక్క గ్రామఫోను రికార్డుపై నుండెడిది. పాటగాని పేరు తెలియని పిల్లలకును “కుక్కబొమ్మ రికార్డు” తెలియును. ఆ కుక్క కల్పితము కాదు. దాని పేరు నిప్పర్. 1884లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున పుట్టి 1895లో మరణించినది. యజమాని మరణానంతరము అతని సోదరుడు, చిత్రకారుడైన ఫ్రాన్సిస్ బారో దానిని పెంచినాడు. యంత్రము నుండి వచ్చు ధ్వనిని అది తల వంచి వినుచుండుట చూచి, అది చనిపోయిన మూడేండ్లకు ఆ జ్ఞాపకముతో చిత్రమును వ్రాసినాడు. 1899లో గ్రామఫోను కంపెనీ చిత్రమునకు 50 పౌండ్లు, దానిపై హక్కునకు 50 పౌండ్లు ఇచ్చి కొన్నది. అంతకు ముందు చిత్రములో నున్న పాత యంత్రమును తుడిచి గ్రామఫోనును వ్రాయవలసి వచ్చినది. వ్యాపారమునకై యంత్రము మారినది గాని, వినుచున్న ఆ కుక్క మారలేదు. బొమ్మను జనులు ప్రేమించినది కుక్క కొరకే.

పాశ్చాత్య చిత్రకళలో కుక్క చాలకాలము యజమానికి ఆభరణము. 1434లో వాన్ ఐక్ వ్రాసిన ఆర్నోల్ఫినీ దంపతుల పాదముల చెంత ఒక బొచ్చుకుక్క నిలిచి యున్నది. 1656లో వెలాస్కెజ్ వ్రాసిన రాజకుమార్తె చిత్రములో పెద్దకుక్క యొకటి ముందు భాగమున పండుకొని యుండగా మరుగుజ్జు యొకడు దానిపై కాలు మోపినాడు. 1837లో లాండ్‌సీర్ ప్రదర్శించిన చిత్రములో వృద్ధ గొఱ్ఱెలకాపరి శవపేటికపై తల ఆనించి అతని కుక్క యొక్కటియే దుఃఖించుచున్నది. ఇచ్చట మనుష్యుడు కనబడడు. కుక్కయే కథానాయకుడు. వీనికన్నను లోతైనది గోయా 1819–23 మధ్య తన యింటి గోడపై వ్రాసినది. పెద్ద శూన్యము క్రింద కుక్క తల మాత్రము పైకి చూచుచుండును. యజమాని లేడు, గొలుసు లేదు, కథ లేదు. చూపు మాత్రము కలదు.

ఛాయాగ్రహణము పుట్టిన తొలినాళ్లలో కుక్కను చిత్రించుట కష్టము. వెలుగు ఫలకముపై పడి రూపము నిలుచుటకు చాలసేపు పట్టెడిది. ఆ లోపల కుక్క తోక ఊపినను తల తిప్పినను చిత్రము చెదరిపోయెడిది. అందువలన పాత చిత్రములలో కదలని కుక్కలు, అనగా నిద్రించునవియు పట్టి యుంచినవియు, ఎక్కువ. ఫలకములు చురుకైన పిదప మైబ్రిడ్జ్ 1887లో ప్రకటించిన 781 చిత్రఫలకముల సంపుటములో పరుగెత్తు కుక్క అడుగడుగును నిలిచినది. కంటికి అందని దానిని కెమేరా అందుకొనగలదని అప్పుడు తేలినది.

హైదరాబాదునకు ఆ విద్యలో పాత కీర్తి కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా లాలా దీన్‌దయాళ్ (1844–1905) సికిందరాబాదులో చిత్రశాల నడపెను. ఆ చిత్రశాల పేర ప్రసిద్ధి కెక్కిన ఛాయాచిత్రములలో 1902లో వరంగల్లు ప్రాంతమున వైస్రాయి కర్జను, అతని భార్య వేటాడిన పులి వెనుక నిలిచిన చిత్రమొకటి. అందు మృగము ప్రాణము పోయిన తరువాతనే చిత్రమునకు వచ్చినది. ఆనాటి ఘనత అట్టిది. అదే నగరమున నేడొక ఉద్యోగి వీథికుక్కకై నేలకు వంగుట నూరేండ్లలో వచ్చిన మార్పు.

ఇట్లు నేలకు వంగుటను ప్రపంచమునకు నేర్పినవారిలో ఇలియట్ అర్విట్ (1928–2023) ముఖ్యుడు. 1974లో న్యూయార్కులో ఆయన తీసిన చిత్రమున టోపీ పెట్టుకొన్న చిన్నకుక్క ముఖము, ప్రక్కన స్త్రీ బూట్లు, ఆ ప్రక్కన ఒక మహాశునకపు ముంగాళ్లు మాత్రమే కనబడును. చిన్నకుక్క ఎత్తునకు దిగిన కెమేరాకు మనుష్యులు కాళ్లు మాత్రమే. విలియం వెగ్మన్ 1970 ప్రాంతమున ప్రారంభించి ‘మాన్ రే’ యను తన పెంపుడు కుక్కను ఏండ్ల తరబడి చిత్రించెను. ఆ కుక్క చిత్రవస్తువు కాక పనిలో భాగస్వామి యయ్యెనని అందరు నెరిగినదే. ఒకరు వీథికుక్కల లోకమునకు దిగిరి. మరియొకరు పెంపుడు కుక్కను తమ చిత్రశాలకు తెచ్చిరి.

సైబరాబాదులో నీ రెండు లోకములును ప్రక్కప్రక్కనే యున్నవి. 2018లో కొండాపూరులో నగరపాలక సంస్థ 1.3 ఎకరముల నేలలో కుక్కలకై ఉద్యానవనమును తెరచినది. జాతికుక్కలను మెడపట్టెలతో తెచ్చి ఆడించి చిత్రములు తీయుదురు. మాదాపూరులోని రాష్ట్ర చిత్రశాలలో 2015 నుండి భారతీయ ఛాయాచిత్రోత్సవము జరుగుచు, దేశవిదేశముల చిత్రములు విద్యార్థుల కన్నుల ముందు నిలుచుచున్నవి. ఇక ఆ చిత్రశాల వెలుపలి వీథులలో, టీ బండ్ల చెంత, పునాదులు త్రవ్వుచున్న గుంతల గట్లపై, పేరు లేని కుక్కలు తిరుగుచునే యున్నవి. బిస్కత్తు వేయువారు కొందరు, రాయి విసరువారు కొందరు.

ఈ కథకు చీకటి వైపు లేకపోలేదు. 2023 ఫిబ్రవరిలో ఇదే హైదరాబాదులో, అంబర్‌పేటలో, నాలుగేండ్ల బాలుని వీథికుక్కలు చంపినవి. నిఘా కెమేరాలో నిలిచిన ఆ దృశ్యము దేశమంతటను వ్యాపించినది. హైకోర్టు తనంత తాను విచారణకు చేపట్టినది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, కుక్కలకు సంతాన నిరోధక చికిత్సయు టీకాయు చేసి పట్టిన చోటనే విడువవలెననియు, వెఱ్ఱికుక్కలను, మీదపడు స్వభావము గలవానిని మాత్రము విడువరాదనియు ఆదేశించినది. ఆ నవంబరులో పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు నిలయములు మొదలగు చోట్ల నుండి కుక్కలను తొలగించి ఆశ్రయములకు చేర్చవలెనని మరల ఆదేశించినది.

అద్దపు మేడ చెంత నిద్రించు కుక్క చిత్రమును, నిఘా కెమేరా చూపిన దృశ్యమును, రెండును నిజములే. మొదటిదానిని మాత్రమే చూచువాడు బిడ్డను కోల్పోయిన తల్లి దుఃఖము నెరుగడు. రెండవదానిని మాత్రమే చూచువాడు ప్రతికుక్కను హంతకునిగా భావించి రాయి చేపట్టును. రాళ్లు తిన్న కుక్క మనుష్యుని నమ్మదు. నమ్మని కుక్క కరచును. చిత్రము క్షణమునే చూపును. ఆ క్షణమునకు ముందేమి జరిగెనో, వెనుక ఎంత చెత్త పేరుకొనెనో, ఎన్ని కుక్కలకు టీకా వేయలేదో చూపదు. చిత్రము ముగిసిన చోట విచారణ ఆరంభించుటయే చదువరి ధర్మము.

చిత్రము తీయగోరు విద్యార్థులకు కొన్ని మాటలు ఉపకరించును. కెమేరా కటకము కుక్కకు రెప్పవేయని పెద్ద కన్నువలె కనబడవచ్చును. తదేకముగా చూచుట దాని భాషలో సవాలు. కనుక ఎదురుగా పోరాదు, దూరముగా, కొంచెము ప్రక్కగా నిలువవలెను. పిల్లలు పెట్టిన తల్లి చెంతకును, తినుచున్న కుక్క చెంతకును అసలే పోరాదు. రాత్రివేళ మెరుపుదీపము వాడినచో కుక్కకన్నులు పచ్చగా మండినట్లుండును. అది క్రౌర్యము కాదు, కంటి వెనుక వెలుగును తిరిగి పంపు పొర యున్నందున కలుగునది. నల్లకుక్కను నీడ గల మెత్తని వెలుగులో తీసినచో దాని కన్నులు వెండ్రుకలలో మరుగుపడవు. ఎప్పుడైన కరచినచో గాయమును పారుచున్న నీటితోను సబ్బుతోను 15 నిమిషములు కడిగి వెంటనే వైద్యుని వద్ద టీకా వేయించుకొనవలెను. చిత్రకళ కన్న ముందు నేర్వవలసిన పాఠమిది.

ఉపాధ్యాయులు తలచినచో ఇందొక మంచి అభ్యాసము కలదు. తమ వీథిలోని ఒక కుక్కను వారము దినములు దూరము నుండి చూచి, అది ఎచ్చట నిద్రించునో, ఎవరు అన్నము పెట్టుదురో, చికిత్స జరిగినట్లు దాని చెవికి గుర్తు కలదో లేదో వ్రాసి, ఒక బొమ్మ గీయుమని పిల్లలకు చెప్పవచ్చును. గుర్తు లేని కుక్కల సంగతి నగరపాలక సంస్థకు తెలియజేసినచో ఆ బొమ్మ ఊరికి ఉపకారియు నగును. ఇట్లు చూచుట నేర్చిన బాలుడు కుక్కను పూజింపడు, ద్వేషింపడు. ఎరుగును.

ఆతకూరులో కాళికి శిలను నిలిపినవారు అది పోరాడిన తీరు నెరిగినవారు. బారో తన కుక్క తల వంచు రీతి నెరిగినవాడు. మాదాపూరు వీథిలో తెల్లవారి తీసిన చిత్రము ఫోనులోని వేయి చిత్రములలో నొకటియై మరుగున పడునో, తీసినవానికి ఆ కుక్కను గూర్చి ఒక్క ప్రశ్నయైన మిగుల్చునో చెప్పజాలము. ఎండ పొడసూపగనే కుక్క లేచి, ఒడలు విరుచుకొని, వీథి దాటి టీ బండి వైపు నడచినది. దాని ఎడమచెవి కొన చిన్నగా కత్తిరింపబడి యున్నది. దాని చికిత్స ముగిసినదను గుర్తు అదియే. ఫోను చిత్రములో ఆ చెవి మడిచిన కాలిక్రింద నుండి కనబడలేదు.